చెక్క ఆయుష్షు, చిప్పు ఆయుష్షు

విజయవాడలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు మంచం చేయించేటప్పుడు టేకా, ప్లైవుడ్డా అన్న చర్చతో ఆగడం లేదు. తలాపున ఫోన్ పెడితే చార్జింగు ఎక్కాలనీ, చేయి సోకితే దీపం వెలగాలనీ అడుగుతున్నారు. కోరికలో తప్పు లేదు. అయితే చెక్కకూ చిప్పుకూ పెళ్లి చేస్తున్న డిజైనర్లు ఆ రెంటి ఆయుర్దాయాల్లో ఉన్న తేడాను దాటవేస్తున్నారు. తాతగారి టేకు మంచం మీద మనవడు పడుకోవడం మన ఇళ్లలో మామూలే. తాతగారి చార్జరు మనవడికి పనికొస్తుందని ఎవరూ అనుకోరు.

మైక్రోసాఫ్ట్ 2007లో ప్రకటించిన ‘సర్ఫేస్’ బల్లనే చూడండి. 30 అంగుళాల తెర, దాని కింద ప్రొజెక్టరు, వేళ్ల కదలికను పసిగట్టే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు, అన్నీ బల్ల కడుపులోనే ఉండేవి. సుమారు 10 వేల డాలర్ల ధర పలికిన ఆ బల్ల హోటళ్లకూ దుకాణాలకూ చేరిందే తప్ప ఇళ్లలోకి రాలేదు. 2012లో కంపెనీ ఆ పేరును తన ట్యాబ్లెట్లకు ఇచ్చి, బల్లకు పిక్సెల్‌సెన్స్ అని పేరు మార్చింది. తెర ఆరిపోతే అది ఉత్త పెట్టె. 2019లో ఫర్నిచర్ కంపెనీ ఐకియా, స్పీకర్ల కంపెనీ సోనోస్ కలిసి తెచ్చిన సింఫోనిస్క్ స్పీకరు తీరు వేరు: గోడకు బిగిస్తే చిన్న అరగానూ పనికొస్తుంది, పాట ఆగినా అర మిగులుతుంది.

వైర్‌లెస్ చార్జింగు పని చేసేది తీగచుట్టల మధ్య మారే అయస్కాంత క్షేత్రంతో. మామూలు చార్జర్లకు ఫోనుకూ చుట్టకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఎడమే ఉండాలి కనుక, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డును అడుగు నుంచి తొలిచి, పైన పలుచటి పొర మాత్రమే మిగల్చాలి. నా రాతబల్లకు మా వడ్రంగి అలాగే తొలిచి, చార్జరును జిగురుతో అంటించబోతే ఆపి, నాలుగు స్క్రూలతో బిగించమన్నాను. రెండేళ్లకు అది పాడైనప్పుడు మార్చడానికి పది నిమిషాలు పట్టింది. జిగురే వేసి ఉంటే బల్ల చెక్కే చీల్చాల్సి వచ్చేది.

భోజనాల బల్లకు టచ్ తెర బిగించాలన్న ఆలోచన మాత్రం మన పులుసన్నాన్ని ఎరగనివారిది. వేలు తాకితే మారే విద్యుత్తును పసిగట్టే కెపాసిటివ్ తెర తడిని వేలిగా పొరబడుతుంది.

ఇక నీళ్ల సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచెత్తిన తరువాత ఈ ఊళ్లో ఫర్నిచర్ గురించి రాసేవారెవరూ దాన్ని దాటిపోలేరు. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు నీరు పీల్చి ఉబ్బితే పూర్వరూపానికి రాదు. టేకును కడిగి నీడన ఆరబెడితే చాలావరకు నిలబడుతుంది. ఆ టేకులోనే మోటార్లు, సర్క్యూట్లు విడదీయరాకుండా పొదిగితే గట్టి చెక్క కూడా పాత సామాన్ల కొట్టుకే పోతుంది. అందుకే ఎలక్ట్రానిక్ భాగాలు నేలకు దూరంగా, ఊడదీయగల సొరుగులో ఉండాలి. వైరింగు పటం బల్ల అడుగునే అంటించి ఉండాలి. అందానికి ఇవేవీ అడ్డు కావు.

అసలు చిక్కు పనివాళ్ల చదువులో ఉంది. ఐటీఐలో కార్పెంటర్ ట్రేడు వేరు, ఎలక్ట్రీషియన్ ట్రేడు వేరు. చెక్కల అతుకులో కుసి బిగించేవాడికి సర్క్యూటు తెలియదు, వైరు లాగేవాడు చెక్క పొర ఎటు నడుస్తుందో చూడడు. ప్రస్తుతానికి ఒకే బల్ల కోసం ఇద్దరినీ చెరో రెండుసార్లు పిలిపించుకోవాల్సి వస్తోంది.