ఉభయ కుశలోపరి, నోటీసు బోర్డు గారికి

మహారాజశ్రీ మా మున్సిపాలిటీ నోటీసు బోర్డు గారికి,

ఉభయ కుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీ అద్దం వెనక కందిరీగలు కూడా క్షేమమేనని మొన్న వచ్చినప్పుడు చూశాను. తాళంచెవి ఎవరి దగ్గరుందో మటుకు ఎవరికీ తెలీదట.

ముందుగా తమరి ధారాళానికి దండం పెట్టాలండి. గోదారి పొంగి రేవు పక్క వీధులు మునిగిన ఏడాది వరద సాయం జాబితా అంటించారు గుర్తుందా? పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఆధార్ 12 అంకెలు, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు. ఒక్కటీ దాచలేదు. సాయం ఎవరికందిందో ఊరికి తెలియాల్సిందే, సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ కూడా అదే చెప్తుంది. దానికి పేరూ, వీధీ, రూపాయలూ సరిపోవా? పక్కనున్న జిరాక్సు షాపు కుర్రాడు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. మర్నాడే మా పిన్నికి ఫోను. "వరద డబ్బులు పడాలంటే ఓటీపీ చెప్పండమ్మా" అని. ఆవిడ చెప్పలేదు, అదృష్టం. "మీ బాబాయ్ పేరూ, నా ఖాతా నంబరూ గడగడా అప్పజెప్పాడ్రా, గవర్నమెంటోళ్లే అనుకున్నాను" అంది.

అంత ధారాళం గల మీకు ఉన్నట్టుండి సిగ్గు ఎక్కణ్నుంచి వచ్చిందండీ? మా వీధి కాలవలో గుర్రపుడెక్క తీయించినట్టు బిల్లు పాసైందన్నారు. గుర్రపుడెక్క మాత్రం ఊదారంగు పూలేసుకుని పెళ్లికూతురిలా కూర్చుంది. పని ఎవరికిచ్చారు, ఎంత పూడిక తీశారు, ఎం.బుక్కులో (చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో) ఏం రాశారు అని 10 రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. సరిగ్గా 30వ రోజున జవాబొచ్చింది: అది కాంట్రాక్టరు గారి వ్యక్తిగత సమాచారం, సెక్షన్ 8(1)(జె) ప్రకారం ఇవ్వలేము.

ధవళేశ్వరంలో 13 లక్షల క్యూసెక్కులు దాటితే రెండో ప్రమాద హెచ్చరికని లోకమంతా చెప్తారు. మా కాలవలో బురదకి మాత్రం ఘోషా!

తప్పంతా మీదేనని అననులెండి. 2005 నాటి ఆ సెక్షన్‌లో, ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వొచ్చన్న మాట ఉండేది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దాన్ని కోసేసింది, 2025 నవంబరు నుంచి ఆ కోత అమల్లోకొచ్చింది. అయినా 8(2) బతికే ఉందండి. దాచడం కంటే చెప్పడం వల్ల జనానికి ఎక్కువ మేలైతే ఇవ్వొచ్చంటుంది. 10వ సెక్షనూ ఉంది. దాచాల్సిన ముక్క కొట్టేసి మిగతాది చేతిలో పెట్టమంటుంది. అంటే కావాల్సింది ఒక్క నల్ల స్కెచ్ పెన్ను. ఆఫీసులో లేదనకండి, మీ పక్క గోడ మీద "ఇచ్చట మూత్రము పోయరాదు" అని రాసింది దాంతోనేగా.

మొదటి అప్పీలు వేశాను. ఈ ఉత్తరం మీ మీద అంటించుకున్నా నాకేం అభ్యంతరం లేదు. తాళంచెవి దొరికితేనే అనుకోండి.

ఇట్లు,
తమ విధేయుడు
(పేరు, ఫోన్ నంబరు నేనే కొట్టేశాను. మీ మీద నమ్మకం లేక.)