స్టంట్లకూ ఒక బరి కావాలి

రాత్రి పది దాటితే నల్గొండ బైపాస్ మీదనో, మహబూబ్‌నగర్ శివారు వెంచర్ల ఖాళీ రోడ్ల మీదనో ఏదో ఒక స్కార్పియో గిరగిరా తిరుగుతుంది. తెల్లారి చూస్తే రోడ్డంతా నల్లటి వలయాలు. సాయంత్రానికి అది రీల్ అవుతుంది. మర్నాడు ఆ రీల్‌లోని నంబర్ చూసి పోలీసులు బండి పట్టుకుపోతారు. పోకిరీ పని అనేసి మనం ఊరుకుంటాం.

పోకిరీతనం ఉంది, కాదనం. కానీ అందులో విద్య కూడా ఉంది. ముందు చక్రాలకు పవర్ అందే మామూలు కారైతే హ్యాండ్‌బ్రేక్ లాగి ఒకసారి వెనక భాగాన్ని విసరగలరు, అంతే. వెనక చక్రాలతో నడిచే బండిని, యాక్సిలరేటర్ మీద కాలు తీయకుండా, స్టీరింగ్ ఎదురు తిప్పుతూ ఒకే చోట తిప్పాలంటే చేతికీ కాలికీ లెక్క కుదరాలి. జపాన్‌లో 2001లో మొదలైన డీ1 గ్రాండ్ ప్రి డ్రిఫ్టింగ్ (బండిని పక్కకు జారిస్తూ నడిపే) పోటీల్లో ముందొచ్చినవాడు గెలవడు. బండి ఏ కోణంలో జారింది, ఏ దారి పట్టింది, ఎంత వేగంతో అన్నదానికే మార్కులు. పందెం కన్నా నాట్యానికే దగ్గర.

దక్షిణాఫ్రికాలోని సొవెటోలో 1980ల్లో గ్యాంగ్‌స్టర్ల అంత్యక్రియల్లో కార్లు తిప్పేవారు. అదే స్పిన్నింగ్‌ను అక్కడ 2014లో మోటారు క్రీడగా గుర్తించారు. ఇప్పుడు అమ్మాయిలూ బరిలో దిగుతున్నారు. మనకు మాత్రం కొత్తా? ఎగ్జిబిషన్‌లో మృత్యుబావి చెక్కగోడ మీద కారు దూసుకొస్తుంటే పైనుంచి పది నోటు చాపింది మనమే కదా.

అయితే ఆ బావి దగ్గరికి ప్రమాదం తెలిసినవాళ్లే టికెట్ కొని వెళ్తారు. రోడ్డు అలా కాదు. యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు వడ్లే. అంచున రాళ్లు పేర్చి, పట్టా కప్పి, కుప్ప పక్కనే రైతు పడుకుంటాడు. ఈ ఆటకు ఆయన ఒప్పుకున్నాడా? (రోడ్డు మీద వడ్లు పోయడమూ తప్పే అనేవాళ్లు ముందు కల్లాలు కట్టించి మాట్లాడాలి.)

చట్టం లేక కాదు. నడిపింది మైనరైతే, 2019 సవరణ ప్రకారం తండ్రికో, బండి యజమానికో 3 ఏళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. కానీ నాయకుడి పుట్టినరోజు ర్యాలీలో కిటికీల మీద కూర్చుని సైరన్ మోగించే కాన్వాయ్ జోలికి ఎవరూ పోరు. కుర్రాళ్లకు కళ్లు లేవా?

జిల్లాకొక బరి చూపాలి. గట్టి సిమెంటు నేల, చుట్టూ పాత టైర్ల గోడ, జనానికి దూరంగా కంచె, గేటు దగ్గర అంబులెన్స్. లైసెన్స్, హెల్మెట్ లేనివాణ్ని లోపలికి రానివ్వొద్దు. నెలకో ఆదివారం తెరిచినా చాలు. ఆ తర్వాత కూడా బైపాస్ ఎక్కి తిప్పినవాడి బండిని, ఎవరి కొడుకైనా, ఎవరు ఫోన్ చేసినా, సీజ్ చేయాల్సిందే.