పెదనాన్న అడిగిన హార్స్

1886లో, ఆరో నిజాం కాలంలో, హైదరాబాద్ గుర్రప్పందాలు మౌలాలి నుంచి మలక్‌పేటకు మారాయి. మా పెదనాన్న కూడా అప్పుడే అక్కడికి మారి ఉంటారని పెద్దమ్మ అనుమానం. ఆయన గెలిచిన డబ్బు ఎవరూ చూడలేదు గానీ, రేసు పుస్తకం చదివీ చదివీ గుర్రాల వయసు, ఆడామగా విషయంలో మాత్రం ఆయన మాటకు తిరుగులేదు.

ఆ పుస్తకంలో ప్రతి గుర్రానికీ ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. నాలుగేళ్ల వరకు మగది కోల్ట్, సి. ఆడది ఫిల్లీ, ఎఫ్. ఐదేళ్లు నిండగానే ఫిల్లీ కాస్తా మేర్ అయిపోతుంది, కోల్ట్‌కు హార్స్ అని ప్రమోషన్ వస్తుంది. బీజాలు తీయించినది గెల్డింగ్. దానికి ప్రమోషన్లు లేవు పాపం, ముసలిదైనా జి అక్షరమే. ఆర్ అని ఇంకోటి ఉంది గానీ దాని సంగతి పిల్లల ముందు చెప్పరు.

పెదనాన్న కొడుక్కి పెళ్లి కుదిరింది. ఊరేగింపు మాట్లాడటానికి గుర్రాలాయన ఇంటికొచ్చాడు.

“బరాత్‌కి ఘోడీ తెస్తం సాబ్. బాజాలకు బెదరదు, శాంతంగ ఉంటది.”

“మేర్ వద్దు. ఫిల్లీ వద్దు. గెల్డింగ్ అసలే వద్దు, పెళ్లికొడుకు ఎక్కేదా అది! నాకు హార్స్ కావాలి.”

“అన్ని హార్సులే గద సాబ్!”

“కాదయ్యా. ఐదేళ్లు నిండిన, ఏదీ తీయించని మగది.”

గుర్రాలాయన నా వైపు చూశాడు. నేను ఫ్యాన్ వైపు చూశాను.

“ఒకటున్నది సాబ్. వానల్ల పుట్టింది, నాలుగున్నర అయితది.”

“రేసు గుర్రాలు ఏ నెలలో పుట్టినా జనవరి ఒకటిన అన్నిటికీ ఒక ఏడు పెరుగుతుందయ్యా! ఆ మాత్రం తెలీకుండా గుర్రాలు మేపుతున్నావా?”

“గట్లనా! గానీ సాబ్, దాన్ని షాదీలకు ఎప్పుడు తేలే. జర గరం దిమాగ్.”

“దాన్ని రాజసం అంటారు,” అని పెదనాన్న మామూలు కిరాయి మీద ఇంకో వెయ్యి ఒప్పుకున్నారు.

మాఘమాసం ముహూర్తం. ఆ రాత్రి ఆ రోడ్డు మీద ఫంక్షన్ హాలు ఖాళీగా ఉంటే దాని ఓనరును అనుమానించాలి. మా హాలు ఇంకా రెండు గేట్ల అవతల ఉండగా, ఇంకో పెళ్లివారి ఊరేగింపు ఎదురైంది. అందులో తెల్లటి మేర్.

మా హార్స్ ఆగింది. చెవులు నిక్కబొడుచుకుని, మెడ ఎత్తి, పై మూతి పైకి మడిచి పళ్లన్నీ బయటపెట్టింది. “నవ్వుతోంది, నవ్వుతోంది!” అని వీడియో అబ్బాయి క్లోజప్ తీశాడు. అది నవ్వు కాదు, వాసన పట్టడం. పెదనాన్నకు తెలుసు. ఆయన “పట్టుకో! కళ్లెం పట్టుకో!” అనేలోపే అది మేర్‌ను కంగారు పెట్టి, దానికంటే ముందుగా వాళ్ల గేటులోకి దూరింది. పైన మా అన్నయ్య. బ్యాండువాళ్లు గుర్రం వెనకే పోవాలని నేర్చినవాళ్లు, వాళ్లూ దూరారు.

లోపల ఎదుర్కోలుకు అంతా సిద్ధం. మొహం నిండా పూల సెహరా, రెండు పెళ్లిళ్లకూ అదే గోధుమరంగు షేర్వాణీ. ఎవరో అత్తగారు హారతిచ్చి, బొట్టు పెట్టి, పానకం అందించింది. మా అన్నయ్య టెన్షన్‌లో రెండు గ్లాసులు తాగేశాడు. “అల్లుడు మొహమాటపడడు, బంగారం!” అని ఆవిడ మురిసిపోతుండగా అసలు అల్లుడు నడుచుకుంటూ గేటు దగ్గరికొచ్చి, చెమటతో నిలబడ్డాడు.

అటువైపు మామగారు గొంతు పెంచారు. మావైపు మేనమామలు చేతులు మడిచారు. ఇంత గొడవలో పెదనాన్న ఏం చేస్తున్నారయ్యా అంటే, గుర్రం నోరు తెరిపించి ఫోన్ లైటు వేసి చూస్తున్నారు.

“మూల పళ్లు ఇంకా పాలపళ్లే! ఐదేళ్లు ఎక్కడయ్యా? ఇది హార్స్ కాదు, కోల్ట్! మోసం! ఆ వెయ్యి ఇవ్వను!”

“జనవరి ఒకటి పోయింది గద సాబ్,” అన్నాడు గుర్రాలాయన.

పెదనాన్న గుర్రం నోరు మూసి, పర్సు తెరిచారు.