ఆరు చాపల గదిలోని తతామి గారికి

తతామి గారూ,

నమస్కారాలు. ఇంట్లో తొడుక్కునే స్లిప్పర్లు కూడా గుమ్మం దగ్గరే విడిచి, టోక్యోలోని మా అద్దింట్లో నేలంతా పరిచిన గడ్డి చాపలైన తమరి మీద మఠం వేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎదురుగా మా కొత్త చెక్క కార్పెట్ చుట్ట గోడకు వాలి ఉంది. అదెందుకు పరుచుకోలేదో తమరికి తెలియంది కాదు.

ఇక్కడ గదిని చాపల లెక్కన చెప్తారు. ఆరు చాపల గది అన్నారు. ఆరు చాపల కార్పెట్ కొన్నాం. లిఫ్టులో పట్టకపోతే మావారూ, కింది అంతస్తు గుంటూరు అబ్బాయీ మెట్ల మీదుగా మోసుకొచ్చారు. తీరా పరిస్తే కార్పెట్ 350 సెంటీమీటర్లు, గది 340. మిగిలిన పది గోడకెక్కి కూర్చున్నాయి. ఫుసుమా అనే అల్మారా జారుడు తలుపు బిగుసుకుపోయింది. పరుపులు ఆ తలుపు వెనకే! విప్పిన సరుకు వెనక్కి తీసుకోరట. పారేద్దామంటే పెద్ద చెత్తకు ముందే బుక్ చేసుకుని, డబ్బు కట్టి, స్టిక్కరు అంటించాలి.

ఇంతకీ తమరి పొడవెంత? క్యోటోలో 191 సెంటీమీటర్లు. అక్కడ ముందు చాప కొలత, దాన్నిబట్టి స్తంభాలు. ఎదోలో, అంటే పాత టోక్యోలో, స్తంభాల మధ్య దూరం ముందే ఖాయం చేసి, మిగిలిన చోట తమరిని ఇరికించారు కాబట్టి 176కి దిగారు. 1955లో జపాన్ హౌసింగ్ కార్పొరేషన్ వచ్చి, దంచీలని కాంక్రీటు అపార్టుమెంట్లు లేచాక 170. మా గదిలోదీ ఇదే. లెక్కకు మాత్రం ఎక్కడైనా ఒక చాపే! కూర్చుంటే అర చాప, పడుకుంటే ఒక చాప చాలని మీ సామెత. ఏ ఊరి చాప? మావారు ఆరడుగులు. క్యోటోలో అయితే సామెతలో పడతారు, ఇక్కడ పాదాలు పక్క చాపలోకి వెళ్తున్నాయి.

ఇళ్ళ ప్రకటనల్లో చాప అంటే కనీసం 1.62 చదరపు మీటర్లు ఉండాలని ఇక్కడి రియల్ ఎస్టేట్ నిబంధన. టేపు పెట్టి కొలిస్తే నువ్వు 1.45 కూడా లేవు. అవును, నువ్వు అనే అన్నాను. ఇక తమరూ గిమరూ లేవు.

సోఫా వేస్తే కాళ్ళ కింద గుంటలు పడతావు. కుర్చీ చక్రాలకు పీచులేస్తావు. చుక్క సాంబారు పడితే తాగేసి, ఇల్లు ఖాళీ చేసే రోజున ఓనరుకు చూపిస్తావు. పైన ఏదైనా కప్పితే కింద బూజు పడతావని కార్పెట్ అమ్మాక చెప్పారు మహానుభావులు! షోజీ తలుపులకు అంటించిన కాగితం సంగతి వేరే ఉత్తరంలో. మా బుడ్డోడి వేలు అందినంత మేరా అది జల్లెడే.

జపాన్, స్కాండినేవియా కలిపిన ఆ జపాండి అలంకరణ ఫొటోలు చూసే కదా ఇదంతా. ఒక కుండ, అందులో ఒక కొమ్మ, లేత రంగు సోఫా. ఆ ఇంట్లో కుక్కరు కూయదా? ఆవకాయ సీసాలుండవా? ఊరి నుంచి వచ్చిన సూట్‌కేసులు ఎక్కడ పెట్టుకుంటారు?

కార్పెట్ చుట్టేశాక గదంతా మళ్ళీ నీ వాసన. పోయినేడు పై అల్లిక మార్పించారుగా, కుమమోతో ఇగుసా గడ్డి. అది పీలిస్తే నా కోపం సగం చస్తుంది. ఆ సంగతికే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

ఇట్లు,
టేపు ఇంకా చేతిలోనే ఉన్న అద్దెదారు

తా.క.: నిషికసాయ్‌లో ఎవరికైనా అసలైన ఎదో కొలత గది ఉంటే కార్పెట్ ఉచితం. మెట్లు దింపుకోవడం మీ వంతు.