సవరణ: క్లెవర్‌ట్యాప్ పోస్ట్‌లో లాగిన్ ముక్క మార్చుకోండి

యాప్‌లో యూజర్లు ఏం చేస్తున్నారో నమోదు చేసి వాళ్లకి తగ్గ నోటిఫికేషన్లు పంపే టూల్ క్లెవర్‌ట్యాప్. దాన్ని ఆండ్రాయిడ్ యాప్‌లో పెట్టుకోవడం గురించి మొన్న రాసిన పోస్ట్‌లో "యూజర్ లాగిన్ అవ్వగానే పుష్‌ప్రొఫైల్ కాల్ చేస్తే సరిపోతుంది" అని ఉంది కదా, అక్కడ ఆన్‌యూజర్‌లాగిన్ అని చదువుకోండి. రెండూ (pushProfile, onUserLogin) క్లెవర్‌ట్యాప్ ఇచ్చే ఫంక్షన్లే, చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ పని వేరు. పుష్‌ప్రొఫైల్ ఆ టైమ్‌కి ఫోన్‌లో ఏ ప్రొఫైల్ (ఒక యూజర్ వివరాల రికార్డు) నడుస్తుంటే దాన్నే అప్‌డేట్ చేస్తుంది, అంతే. మన ఇళ్లల్లో ఒకే ఫోన్‌లో పొద్దున నాన్న లాగిన్ అయ్యి ఎరువులు చూస్తాడు, సాయంత్రం కొడుకు తన నంబర్‌తో లాగిన్ అయ్యి ఇయర్‌ఫోన్స్ వెతుకుతాడు, పుష్‌ప్రొఫైల్ మాత్రమే వాడితే ఇద్దరి ఈవెంట్లూ (యాప్‌లో వాళ్లు చేసిన పనుల నమోదులు) ఒకే ప్రొఫైల్‌లో కలిసిపోయి చివరికి కొడుక్కి యూరియా ఆఫర్ వెళ్తుంది. ఆన్‌యూజర్‌లాగిన్ అయితే ఐడెంటిటీ (నంబర్ లాంటి యూజర్ గుర్తింపు) మారిందని గమనించి వేరే ప్రొఫైల్‌కి మారుతుంది. అలాగని యాప్ తెరిచిన ప్రతిసారీ కాల్ చేయకండి, లాగిన్ సైనప్‌ల దగ్గర చాలు. ఫోన్ నంబర్‌కి ముందు +91 మర్చిపోవద్దు.

యాప్ తెరిచినప్పుడు క్లెవర్‌ట్యాప్‌లో పడాల్సిన యాప్ లాంచ్డ్ ఈవెంట్ రావట్లేదు అన్నవాళ్లు మీ కోడ్‌లో అప్లికేషన్ క్లాస్ ఓసారి తెరిచి చూడండి, యాక్టివిటీ లైఫ్‌సైకిల్ కాల్‌బ్యాక్ రిజిస్టర్ చేసే లైను సూపర్ ఆన్‌క్రియేట్ (super.onCreate) లైనుకి పైన ఉండాలి, కింద పెడితే లాభంలేదు.

పుష్ నోటిఫికేషన్ల గురించి ఆ పోస్ట్‌లో రాసింది ఆండ్రాయిడ్ 12 వరకే అనుకోండి. 13 నుంచి కొత్తగా వేసుకున్న యాప్ నోటిఫికేషన్ పర్మిషన్ విడిగా అడగాల్సిందే. యాప్ తెరవగానే అడిగితే జనం చదవకుండానే వద్దని నొక్కేస్తారు, నన్నడిగితే మొదటి ఆర్డర్ పెట్టాక అడగడం మేలు, డెలివరీ ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవాలని అప్పుడు వాళ్లకీ ఉంటుంది.