తొమ్మిదో వచనం దగ్గర ఆగిపోతున్న కృప

బైబిలులో అపొస్తలుడైన పౌలు రాసిన ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం ఎనిమిది, తొమ్మిది వచనాలు నోటికి రాని తెలుగు క్రైస్తవులు అరుదు. గోడ క్యాలెండర్ల మీద, సువార్త సభల బ్యానర్ల మీద అవే ఉంటాయి. కృపచేతనే రక్షణ, క్రియలవలన కలిగింది కాదు, ఎవడూ అతిశయపడే వీల్లేదు. పదో వచనం మాత్రం బ్యానర్ ఎక్కదు. దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్‌క్రియలు ‘చేయుటకై’ మనం సృష్టింపబడ్డామని చెప్పేది ఆ వచనమే. మూడింటినీ పౌలు ఒకే ఊపులో రాశాడు. క్రియల‘వలన’ కాదు, క్రియలు చేయుట‘కై’. మొదటిది కారణం, రెండోది ప్రయోజనం. రక్షణ విశ్వాసంవల్లనా, క్రియలవల్లనా అని క్యాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ నడుమ సాగుతున్న ఐదు వందల ఏళ్ల తగాదాకు సమాధానం ఈ రెండు విభక్తుల్లోనే ఉంది.

క్యాథలిక్కులు క్రియలతో మోక్షం కొనుక్కుంటారనే మాట మన ప్రొటెస్టెంటు వేదికల మీద ఇప్పటికీ వినిపిస్తోంది. అది అబద్ధం. క్యాథలిక్ సంఘపు ట్రెంటు మహాసభ 1547 జనవరి 13న నీతిమత్వం (దేవుని ఎదుట మనిషి నీతిమంతుడుగా తీర్చబడడం) మీద 33 కానన్లు, అంటే సంఘ శాసనాలు, చేసింది. క్రీస్తు ద్వారా వచ్చే దైవకృప లేకుండా సొంత క్రియలతో మనిషి నీతిమంతుడు కాగలడనేవాడు శాపగ్రస్తుడని వాటిలో మొదటిదే చెబుతోంది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, క్యాథలిక్ సంఘం నీతిమత్వం గురించిన ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యతను బట్టి కాక కృపవల్లనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడు, ఆ కృపే మనల్ని సత్‌క్రియలకు సిద్ధం చేసి పిలుస్తుంది అన్నది అందులోని ముఖ్యాంశం. 2006లో మెథడిస్టులు, 2016లో ఆంగ్లికన్లు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు దానికి గొంతు కలిపాయి. ఈ మూడు కుటుంబాల్లోనూ సభ్యత్వం ఉన్న సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సమాఖ్యలో ఉన్న గుంటూరు ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి) కూడా ఈ ఒప్పందం పరిధిలోకే వస్తాయి. ఇంత జరిగినా సంఘంలో ఆ ప్రకటన పేరు విన్నవాళ్లు పదిమంది దొరకరు.

పౌలుకూ, యాకోబు పత్రిక రాసిన యాకోబుకూ పడదనే వాదన ఇంకొకటి. రోమా 3:28లో ప్రొటెస్టెంటు ఉద్యమానికి ఆద్యుడైన లూథర్ 1522 నాటి జర్మన్ అనువాదంలో ‘మాత్రమే’ అనే మాట చేర్చాడని పెద్ద గొడవ జరిగింది. మన తెలుగు బైబిలులో ఆ పని ఒక్క ‘ఏ’కారం చేసింది: ‘విశ్వాసమువలననే’. యాకోబు 2:24 చూస్తే ‘విశ్వాసమూలమున మాత్రము కాక’ అని ఉంటుంది. పైపైన చూస్తే ఢీ అంటే ఢీ. కానీ ఇద్దరూ సాక్ష్యానికి పిలిచిన అబ్రాహామును చూడండి. పౌలు పట్టుకున్నది ఆదికాండం 15వ అధ్యాయం. అప్పటికి ఇస్సాకు పుట్టనే లేదు, అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. యాకోబు చూపించేది 22వ అధ్యాయం. ఇస్సాకు ఎదిగాడు, బలిపీఠం కట్టారు. నడుమ ఎన్నో ఏళ్లున్నాయి. విత్తు ఎక్కడ పడిందో పౌలు చెబుతున్నాడు, అది బతికే ఉందో లేదో యాకోబు చూస్తున్నాడు.

ఇంతవరకూ వేదాంత విద్యార్థులకు తెలిసిందే. అసలు మనం మరిచిపోయింది, ఈ ‘విశ్వాసంవల్లనే’ అన్న మాట ఎక్కడ పుట్టిందనే సంగతి. అది భోజనాల దగ్గర పుట్టింది.

రోమా పత్రిక కంటే ముందు రాసిన గలతీ పత్రిక రెండో అధ్యాయం తెరవండి. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తింటున్నాడు. యెరూషలేము నుంచి, యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చారు. వాళ్లు రాగానే పేతురు భయపడి వెనక్కి తగ్గాడు, వేరైపోయాడు. మిగతా యూదులూ అతని వెంటే లేచారు. చివరికి బర్నబా కూడా. ఇక్కడ పేతురు నోటితో తప్పుడు బోధ ఒక్కటీ చేయలేదు. బంతిలోంచి లేచాడు, అంతే. దాన్నే పౌలు ‘సువార్త సత్యము చొప్పున క్రమముగా నడుచుకొనకపోవుట’ అన్నాడు, అందరి ముందే నిలదీశాడు. ఆ నిలదీత కొనసాగింపుగానే పదహారో వచనం వస్తుంది. నీతిమంతులుగా తీర్చబడడం గురించి ఆ ఒక్క వచనంలో మూడుసార్లు చెప్పాడు. పౌలు అక్కడ తోసిపుచ్చుతున్న ‘ధర్మశాస్త్ర క్రియలు’ ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం లాంటివి కావు. సున్నతి, భోజన నియమాలు, అంటే ఎవరు మనవాళ్లు, ఎవరు పరాయివాళ్లు అని గీత గీసే క్రియలు. కృప ఆ గీతను చెరిపింది. గీత మళ్లీ గీసినవాడు అపొస్తలుడైనా పౌలు ఊరుకోలేదు.

ఎఫెసీలోనూ అదే వరస. పదో వచనంలో సత్‌క్రియల మాట వచ్చింది, పద్నాలుగో వచనానికల్లా క్రీస్తు ‘మధ్యగోడను’ పడగొట్టాడు.

ఇది తెలుగు నేలకు తెలియనిది కాదు. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దంపతులకు ఇదే పరీక్ష ఎదురైంది. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పైకులాలవాళ్లు తేల్చి చెప్పారు. భార్యాభర్తలిద్దరూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం తగిలింది: 1 కొరింథీ 1:26 మొదలుకొని, లోకంలో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే మాటలు. వాళ్లు మాదిగల పక్షానే నిలిచారు, పైకులాల పిల్లలు బడి మానేశారు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బియ్యం కోసం వచ్చి చేరారనే మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. పని అయిపోయాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్లలో దిగారు. అన్నం పెట్టడానికి బాప్తిస్మం షరతు కాలేదు, బాప్తిస్మానికి కులం అడ్డు కాలేదు.

క్రియల మాట ఎత్తితే బలహీనుడైన విశ్వాసి కుంగిపోతాడని, సిలువ మీది దొంగ ఏ క్రియ చేశాడని పాస్టర్లు అడుగుతారు. న్యాయమైన భయమే. లెక్కలు రాసుకుంటూ బతికే భక్తి మనిషిని చంపుతుంది. కానీ లూకా 23 మళ్లీ చదవండి. మిగిలిన ఆ కొద్ది ఘడియల్లోనే ఆ దొంగ పక్కవాణ్ణి గద్దించాడు, తన శిక్ష న్యాయమేనని ఒప్పుకున్నాడు, యేసు ఏ తప్పూ చేయలేదని అందరూ వింటుండగా చెప్పాడు.

ఇప్పుడు మన సంఘాలను చూద్దాం. ‘క్రైస్తవ వధువు కావలెను’ అనే ప్రకటన పక్కనే కులం పేరు, కొన్నిసార్లు ఉపకులం పేరు కూడా. పాస్టరేట్ కమిటీ ఎన్నికల్లో ఓట్లు పడేది ఏ వరసలోనో అందరికీ తెలుసు. ఒకే ఊళ్లో మాలలకో చర్చి, మాదిగలకో చర్చి, ఒకే ప్రభువు పేరు మీద. వీళ్లందరూ కృపచేతనే రక్షణ అని ఘంటాపథంగా చెబుతారు. అంతియొకయలో పేతురు కూడా అదే నమ్మాడు. వాక్యం తెలియక జరుగుతున్న తప్పు కాదిది, వాక్యాన్ని సగంలో ఆపడం వల్ల జరుగుతున్నది. కులం సంఘ సమస్య, కృప వేదాంత విషయం అని విడదీసి పెట్టుకున్నాం. పౌలుకు ఆ రెండూ ఒక్కటే.

పని క్రిస్మస్ ప్రేమవిందు దగ్గర మొదలుపెట్టవచ్చు. ఎవరు వండుతున్నారు, ఎవరు వడ్డిస్తున్నారు, ఎవరు పొట్లం కట్టించుకుని ఇంటికెళ్లి తింటున్నారు అన్నది పెద్దలు కళ్లారా చూడాలి. మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన చదివే సంఘాల్లో కులాంతర జంట పేర్లు వచ్చినప్పుడు పాస్టర్ గారు గొంతు తగ్గించకూడదు. వచ్చే ఆదివారం ఎఫెసీ రెండో అధ్యాయం ఎనిమిదో వచనం ఎత్తుకున్నవారు పుస్తకం మూయకుండా ఇరవై రెండో వచనం దాకా చదవాలి. మొత్తం పదిహేను వచనాలు.