పంపిందీ మీరే, కాదన్నదీ మీరే

విదేశంలో ఒక సెమిస్టర్ చదివి వచ్చిన ఆర్థికశాస్త్ర విద్యార్థిని క్రెడిట్లను (చదువును కొలిచే పాయింట్లను) నమోదు చేయలేమని, ఆ సెమిస్టర్ పేపర్లన్నీ జూనియర్లతో కలిసి మళ్లీ రాయాలని ఉత్తరాంధ్రలోని ఒక విశ్వవిద్యాలయం గత వారం మెమో ఇచ్చింది. చదివినవారికి ఆశ్చర్యం కంటే ముందు కోపం రావాలి. మెమోలో నాలుగు కారణాలున్నాయి. ఆ అమ్మాయిని పంపేముందు అదే కార్యాలయం చేసిన సంతకం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆమె ఇంకా అక్కడే పరీక్షలు రాయాలి కనుక విశ్వవిద్యాలయం పేరుగానీ, శ్రీకాకుళం జిల్లాలోని ఆమె కళాశాల పేరుగానీ మేము రాయడం లేదు. రాయకపోయినా తెలియవలసినవారికి తెలుసు.

వార్త వివరాలు పాఠకులు చదివే ఉన్నారు. విశ్వవిద్యాలయం స్వయంగా కుదుర్చుకున్న విద్యార్థి మార్పిడి ఒప్పందం కింద, బీఏ ఆనర్స్ చదువుతున్న ఆమె నాలుగో సెమిస్టర్‌కు జర్మనీ వెళ్లింది. తండ్రి పలాసలో జీడిపప్పు పరిశ్రమలో పనిచేస్తారు. జర్మనీ వీసా కావాలంటే నెలకు 992 యూరోల లెక్కన ఖర్చులకు సరిపడా సొమ్ము ముందే ఖాతాలో వేసి చూపించాలి. ఆరు నెలలకు అది మన డబ్బులో ఆరు లక్షల రూపాయలకు దగ్గరగా వస్తుంది. ఇంట్లో ఉన్న బంగారం తాకట్టు పెట్టి, చాలని దానికి అప్పు తెచ్చి ఆ కుటుంబం పంపింది. అక్కడ ఆమె చదివిన అయిదు పేపర్లూ పాసైంది. తిరిగొచ్చాక ఇక్కడి రికార్డులో అవే పేపర్లు ‘బ్యాక్‌లాగ్’గా కనిపిస్తున్నాయి. ఫెయిలైనవారికీ ఆమెకూ విశ్వవిద్యాలయం కంప్యూటర్‌లో తేడా లేదు.

ఇటువంటి తగాదా రాకూడదనే ఐరోపా విశ్వవిద్యాలయాలు వెళ్లేముందే ‘లెర్నింగ్ అగ్రిమెంట్’ అనే కాగితం రాయించుకుంటాయి. అక్కడ చదవబోయే ఏ పేపరు ఇక్కడి ఏ పేపరుకు బదులుగా లెక్కకు వస్తుందో అందులో వరుసగా రాసి విద్యార్థి, పంపే సంస్థ, చేర్చుకునే సంస్థ ముగ్గురూ సంతకాలు చేస్తారు. ఈ విద్యార్థిని విషయంలోనూ చేశారు. మా విలేకరి ఆ కాగితాన్ని చూశారు. ఎడమవైపు జర్మన్ విశ్వవిద్యాలయం కోర్సుల కోడ్‌లు, కుడివైపు మన పేపర్ల పేర్లు, అడుగున విశ్వవిద్యాలయం రబ్బరు ముద్ర, తేదీతో సహా సంతకం స్పష్టంగా ఉన్నాయి. ముద్ర వేసినవారు ఇప్పుడు ‘అది కేవలం సమాచారం నిమిత్తం’ అంటున్నారు. సమాచారం కోసం ముద్ర ఎందుకు వేశారో చెప్పడం లేదు.

మెమోలో మొదటి కారణం, క్రెడిట్ల కొలతలు వేరని. వేరే, కాదనలేదు. ఐరోపాలో 1989లో ఎరాస్మస్ అనే విద్యార్థి మార్పిడి పథకంలో భాగంగా వచ్చిన ఈసీటీఎస్ అనే క్రెడిట్ బదిలీ విధానంలో ఏడాది చదువుకు 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ. మన దేశంలో 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానం ప్రకారం ఏడాదికి 40 క్రెడిట్లు, ఒక్కోదానికి 30 గంటలు. ఏడాదికి ఏడాది పెట్టి చూస్తే అక్కడి ఆరు క్రెడిట్లు ఇక్కడి నాలుగింటికి సమానం. ఆమె అక్కడ సెమిస్టర్‌లో 30 క్రెడిట్లు చేసింది, అంటే కనీసం 750 గంటలు. ఇక్కడ ఉండి ఉంటే 20 క్రెడిట్లకు 600 గంటలు సరిపోయేవి. ఎక్కువ చదివి వచ్చిన అమ్మాయికి కొలతలు కుదరలేదని చెప్పడానికి పదో తరగతి లెక్కలు కూడా అక్కర్లేదు, నిష్పత్తులు మరిచిపోతే చాలు.

రెండోది సిలబస్. ఇక్కడ మేము కొంత ఒప్పుకుంటాం. భారత ఆర్థిక వ్యవస్థ, ఆంధ్రప్రదేశ్ ఆర్థిక వ్యవస్థ అనే పేపర్లను జర్మనీలో సాధారణంగా బోధించరు. ఆర్థికశాస్త్ర పట్టభద్రురాలు వాటిని ఇక్కడ చదివి రాయవలసిందే. ఆమె కూడా రాయనని అనలేదు, అసలు ఆ ఒప్పంద కాగితంలో ఆ రెండూ లేనేలేవు. ఉన్నవి స్థూల ఆర్థికశాస్త్రం, ప్రభుత్వ విత్తం, గణాంక పద్ధతులు, అంతర్జాతీయ వాణిజ్యం, వీటితో పాటు ఐచ్ఛికంగా జర్మన్ భాష. గుణకం విలువను ఉపాంత వినియోగ ప్రవృత్తితో లెక్కగట్టడం విజయనగరంలో ఒకలా, జర్మనీలో ఇంకోలా ఉండదు. ఉదాసీనతా వక్రరేఖ ఏ దేశంలోనైనా మూలబిందువుకు కుంభాకారంగానే ఉంటుంది. తులనాత్మక వ్యయాల సిద్ధాంతం రికార్డో చెప్పిందే ఇక్కడా, అక్కడా. అధ్యాయాల క్రమం వేరు, పాఠ్యపుస్తకం వేరు అంటే అది సిలబస్ తేడా కాదు. పైగా గణాంక పద్ధతుల్లో ఆమె కంప్యూటర్ మీద అసలు డేటాతో రిగ్రెషన్ చేసి వచ్చింది. మన దగ్గర అదే పేపరుకు నమూనా లెక్క బల్లమీద రాసి వదిలేసే కళాశాలలే ఎక్కువ. ఎవరి సిలబస్ ఎవరికి సరిపోలేదో సిలబస్ ఖరారు చేసే ఆ బోర్డ్ ఆఫ్ స్టడీస్ కొంచెం ఆలోచించాలి.

మూడో కారణం చదివితే నవ్వొస్తుంది, ఆ వెంటనే నవ్వినందుకు బాధ కలుగుతుంది. జర్మనీలో 1.0 అత్యుత్తమ గ్రేడు. 4.0 పాసుకు ఆఖరి మెట్టు. 5.0 వస్తే తప్పినట్టు. ఆమెకు స్థూల ఆర్థికశాస్త్రంలో 1.3 వచ్చింది. పరీక్షల విభాగంలో తెరమీద ఉన్న గడి పది పాయింట్ల లెక్కనే తీసుకుంటుంది, అందులో 1.3 అని కొట్టగానే ఎర్ర అక్షరాల్లో ఫెయిల్ అని వచ్చింది. ‘గ్రేడు ఉత్తీర్ణత స్థాయిలో లేదు’ అని మెమోలోకి ఎక్కింది. విదేశీ మార్కులను తమ లెక్కలోకి మార్చుకోవడానికి జర్మన్ విశ్వవిద్యాలయాలు సవరించిన బవేరియన్ సూత్రం వాడతాయి. దాన్నే తిరగేసి, మన పదిని గరిష్ఠంగా, నాలుగును పాసు గ్రేడుగా తీసుకుని లెక్క కడితే ఆమె 1.3 మన దగ్గర 9.4 అవుతుంది. ఆమె మార్కుల పత్రం, అంటే ట్రాన్‌స్క్రిప్టు, వెనకవైపే గ్రేడుల వివరణ ఇంగ్లిషులో అచ్చువేసి ఉంది. కాగితం తిప్పి చూడలేదు.

ఈ మూడింటినీ పొరపాట్లని సరిదిద్దవచ్చు. మమ్మల్ని కలవరపెడుతున్నది నాలుగోది. ‘ఇంతకుముందు ఇటువంటి నమోదు జరిగిన ఉదాహరణ లేనందున’ అన్నది దాని సారాంశం. ఒప్పందం కొత్తది, వెళ్లిన మొదటి బృందం ఇదే, కనుక ఉదాహరణ ఉండే అవకాశమే లేదు. మొదటిసారి చేసే పనికి ముందు ఉదాహరణ చూపమంటే ఎవరూ ఏ పనీ మొదటిసారి చేయలేరు. సరే, ఉదాహరణ లేదనే అనుకుందాం. ఈ మెమోతో ఇప్పుడొకటి తయారైంది. రేపు ఇంకొక విద్యార్థి ఫ్రాన్స్ నుంచో, జపాన్ నుంచో వచ్చి నిలబడితే గుమాస్తా తీసి చూపించేది ఈ మెమోనే. విదేశం మాట వదిలేద్దాం. విశాఖలోనో, హైదరాబాద్‌లోనో ఒక సెమిస్టర్ చదివి, క్రెడిట్లను దాచుకునే జాతీయ డిజిటల్ ఖాతా అయిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో జమచేసుకుని వచ్చిన విద్యార్థికీ చూపించేది ఇదే. వెళ్లేముందు మనం ఇచ్చే అనుమతి, వచ్చాక మనల్ని కట్టదు అన్న ఆనవాయితీ ఒక్కసారి పడిందంటే ఆ తర్వాత ఏ విశ్వవిద్యాలయం ముద్రకూ విలువ ఉండదు.

విదేశీ సర్టిఫికెట్ల పేరిట మోసాలు జరుగుతున్నాయనీ, డిగ్రీ ప్రమాణాలు కాపాడటం తమ బాధ్యతనీ అధికారులు అంటున్నారు, అది నిజమే. కానీ ఇక్కడ ట్రాన్‌స్క్రిప్టు తెచ్చింది ఏజెంటు కాదు. ఒప్పందం చేసుకున్న విశ్వవిద్యాలయమే నేరుగా ఈమెయిల్‌లో పంపింది. ప్రమాణాల మీద అంత శ్రద్ధ ఉన్నవారు ఒప్పందంపై సంతకం చేసేటప్పుడే అక్కడి సిలబస్ తెప్పించుకుని చదివి ఉండాలి.

జాతీయ విధానాల్లో దీనికి అడ్డేమీ లేదు. విదేశీ విశ్వవిద్యాలయాల్లో సంపాదించిన క్రెడిట్లను, సముచితమైన చోట, ఆయా సంస్థల అవసరాలను బట్టి డిగ్రీకి లెక్కించవచ్చని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది. 2022 మేలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తెచ్చిన నిబంధనలు, కొంత ఇక్కడ, కొంత విదేశీ సంస్థలో చదివే ట్విన్నింగ్ కోర్సుల్లో 30 శాతం వరకూ క్రెడిట్లు బయట చదవడానికి వీలు కల్పించాయి. ఈ విద్యార్థినిది ట్విన్నింగ్ కోర్సు కాదు, ఒక్క సెమిస్టర్ మార్పిడి. 160 క్రెడిట్ల ఆనర్స్ డిగ్రీలో 20 క్రెడిట్లు, ఎనిమిదో వంతు. కాకపోతే ‘ఆయా సంస్థల అవసరాలను బట్టి’ అన్న ఆ చిన్న ముక్క ఉంది చూశారూ, అందులోంచే మన విశ్వవిద్యాలయాలు దూరి తప్పించుకుంటాయి. స్వయంప్రతిపత్తి అంటే విద్యార్థికి ముందొక మాట, తర్వాతొక మాట చెప్పే హక్కు అని వీరి అర్థం కాబోలు.

ఈ దెబ్బ ఎవరికి తగులుతుందో కూడా చూడాలి. మూడేళ్ల డిగ్రీ మొత్తం విదేశంలోనే చదివించగల స్తోమత ఉన్నవారి పిల్లలకు మన విశ్వవిద్యాలయం క్రెడిట్లతో పనిలేదు. పూర్తి విదేశీ డిగ్రీతో తిరిగివచ్చేవారి కోసం సమానత గుర్తింపునకు యూజీసీ 2025 ఏప్రిల్‌లో ప్రత్యేకంగా నిబంధనలే తెచ్చింది. ఒక్క సెమిస్టర్ వెళ్లి రాగలిగిన పలాస అమ్మాయికి, బొబ్బిలి అబ్బాయికి మాత్రం చదివిన చోటే దిక్కు. ఈ మెమో అలాగే నిలిస్తే ఆమె మిగిలిన సెమిస్టర్ల మీద నాలుగో సెమిస్టర్ పేపర్లు వచ్చి పడతాయి, సమయానికి డిగ్రీ చేతికి రాదు, పీజీ ప్రవేశాల ఏడాది పోతుంది. తాకట్టు వడ్డీ ఆ ఏడాదికీ పెరుగుతుంది. ఆర్థికశాస్త్రం పాఠం చెప్పేవారికి అవకాశ వ్యయం అంటే ఏమిటో మేము చెప్పనవసరం లేదనుకుంటాం.

శ్రీకాకుళం వలసల జిల్లా. ఇక్కడి మత్స్యకారులు గుజరాత్ తీరానికి, భవన నిర్మాణ కూలీలు చెన్నై, హైదరాబాద్‌లకు వెళ్లడం గురించి మన ఆర్థికశాస్త్ర విభాగాలు ఎన్ని సదస్సులు పెట్టలేదు, ఎన్ని పత్రాలు సమర్పించలేదు? వలస వెళ్లినవారు నేర్చుకున్న నైపుణ్యంతో తిరిగివస్తే జిల్లాకు లాభమని ఆ పత్రాల్లోనే రాస్తారు. నేర్చుకుని తిరిగివచ్చిన ఒక్క విద్యార్థిని ఎదురుగా నిలబడితే మాత్రం, నీవు నేర్చింది లెక్కలోకి రాదని మెమో ఇస్తారు. ఈ కపటం ఆ సదస్సుల్లో చర్చకు రాదు. 1879లో కళాశాల వెలసి, విద్యల నగరంగా పేరు పొందిన విజయనగరం పక్కనే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టకముందు ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. ఎక్కడో మద్రాసులో తయారైన పాఠ్యప్రణాళికను చదివి పట్టాలు పుచ్చుకున్న తరాలు ఈ నేలవే. బయటి చదువును ఒప్పుకోవడం ఇక్కడ కొత్తా?

అకడమిక్ కౌన్సిల్ వెంటనే సమావేశమై మెమోను రద్దుచేయాలి, ఒప్పంద కాగితంలో రాసిన పేపర్లను రాసినట్టే నమోదు చేయాలి. ఆమె ఇక్కడ రాయవలసిన రెండు పేపర్లకు వచ్చే సెమిస్టర్‌లోపే ప్రత్యేక పరీక్ష పెట్టాలి. వెళ్లేముందు చేసిన సంతకం వచ్చాక మారదని, ఏ గ్రేడును ఏ లెక్కన మారుస్తారో ముందే అచ్చువేసి ఇస్తామని తీర్మానం చేయాలి. ఇది ఒక విద్యార్థినికి చేసే దయ కాదు, విశ్వవిద్యాలయం తన ముద్రను తానే కాపాడుకోవడం.

ఈ లోగా మరో సంగతి. రెండో బృందానికి ఎంపికలు ఇప్పుడే జరుగుతున్నాయి; దరఖాస్తు రుసుము వసూలు చేస్తున్నారు. మొదటి బృందానికి ఏం జరిగిందో ఆ తల్లిదండ్రుల్లో ఎంతమందికి చెప్పారు? చెప్పకపోతే ఇప్పుడైనా చెప్పండి. ఫారం మొదటి పేజీలోనే, మా సంతకానికి మేము కట్టుబడి ఉండం అని పెద్ద అక్షరాల్లో అచ్చువేయండి. అది వేయడానికి సిగ్గుగా ఉంటే, ముందు ఆ అమ్మాయి క్రెడిట్లు నమోదు చేసి, తర్వాత ఆ రుసుము ముట్టుకోండి.